షార్ట్ షిఫ్టర్ వేయాలా, బుష్‌లు మార్చాలా, నాబ్ చాలా?

షార్ట్ షిఫ్టర్, అంటే గేరు రాడ్ కదలికను తగ్గించే కిట్, వేస్తే గేర్లు త్వరగా పడతాయని చాలామంది నమ్మకం. నిజానికి అది గేర్‌బాక్స్ లోపల ఒక్క పన్నును కూడా ముట్టుకోదు. చేతికీ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉన్న మీట కొలతలు మారతాయి, అంతవరకే. చెయ్యి కదలాల్సిన దూరం తగ్గుతుంది, బదులుగా నెట్టాల్సిన బలం పెరుగుతుంది. ఈ బేరం కలిసొస్తుందో లేదో తేలాలంటే ముందు ఒక సంగతి చూసుకోవాలి: మిమ్మల్ని విసిగిస్తున్నది గేరు రాడ్ ఎక్కువ దూరం కదలడమా, లేక లూజుగా ఊగడమా? చేతికి రెండూ ఒకేలా తెలుస్తాయి. మందులు మాత్రం వేరు.

ముందు ఇంజన్ ఆపి చూడండి

కారును చదునైన చోట పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ ఆపండి. మూడో గేరులో పెట్టి రెండు వేళ్లతో నాబ్‌ను (రాడ్ పైన పట్టుకునే గుండును) ముందుకీ వెనక్కీ, అటూ ఇటూ కదపండి. కాస్త ఆట ఏ కారులోనైనా ఉంటుంది. మొత్తం ఊపు 20–25 మి.మీ. దాటితే మాత్రం దారిలో ఎక్కడో బుష్ (కీళ్లలో ఉండే చిన్న గొట్టం లాంటి భాగం) అరిగిందని అనుమానించండి. ఆ ఊపు ప్రతి గేరు మార్పులోనూ మీ చేతి కదలికకు కలుస్తోంది. ఇలాంటి కారులో షార్ట్ షిఫ్టర్ వేస్తే ఊపు పోదు, కొత్త రాడ్‌తో పాటే ఊగుతుంది.

తర్వాత అన్ని గేర్లూ వేసి చూడండి, ఇంజన్ ఆపి ఒకసారి, స్టార్ట్ చేసి క్లచ్ పూర్తిగా తొక్కి ఇంకోసారి. ఆపి ఉన్నప్పుడు పన్నుకు పన్ను ఎదురై ఏదో ఒక గేరు పడకపోవచ్చు. కారును అంగుళం కదిపి మళ్లీ వేస్తే పడుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఆపినప్పుడు సాఫీగా పడి, ఇంజన్ నడుస్తున్నప్పుడు బిగుసుకుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. హైడ్రాలిక్ లైన్‌లో గాలి, అరిగిన సీలు, కేబుల్ సర్దుబాటు, వీటిలో ఏదో ఒకటి కారణం అయివుంటుంది. రెండుసార్లూ బిగుతుగానే ఉంటే లింకేజీలో (రాడ్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే భాగాల్లో) ఎండిన గ్రీజు, తుప్పు, లేదా కవరులో పట్టేసిన కేబుల్ చూడాలి. రెండో గేరు ఒక్కటే, అదీ ఎక్కువ ఆర్‌పీఎంలో కరకరమంటే సింక్రోనైజర్ రింగు అరిగిందన్నమాట. దీనికి షార్ట్ షిఫ్టర్ మందు కాకపోగా జబ్బు ముదురుతుంది. ఎందుకో కింద చెబుతాం.

మీట లెక్క

గునపంతో బండ లేపేవాళ్లకు ఈ లెక్క తెలిసిందే. గునపం కింద పెట్టిన ఆధారపు రాయిని బండకు దగ్గరగా జరిపితే బండ సులువుగా లేస్తుంది, కానీ గునపాన్ని చాలా దూరం నొక్కాలి. రాయిని చేతివైపు జరిపితే కొద్దిగా నొక్కితే చాలు, ఒంటి బరువంతా వెయ్యాలి. గేరు రాడ్‌లో ఆ రాయి పాత్ర పివట్ బాల్‌ది.

ఒక రాడ్ తీసుకుందాం. పివట్ నుంచి నాబ్ వరకు 250 మి.మీ., పివట్ నుంచి కింది కొన వరకు 50 మి.మీ. నిష్పత్తి 5. న్యూట్రల్ నుంచి గేరు పడటానికి కింది కొన 12 మి.మీ. కదలాలంటే నాబ్ 60 మి.మీ. కదలాలి. మూడు నుంచి నాలుగుకు అయితే దానికి రెట్టింపు, 120 మి.మీ.

ఇప్పుడు పివట్‌ను 10 మి.మీ. పైకి లేపితే పైన 240, కింద 60 అవుతాయి. నిష్పత్తి 4, నాబ్ కదలిక 48 మి.మీ. దూరం 20 శాతం తగ్గింది, బలం 25 శాతం పెరిగింది. పివట్‌ను కదపకుండా పైన 50 మి.మీ. కోసేస్తే 200, 50 మిగులుతాయి. నిష్పత్తి మళ్లీ 4, కదలిక మళ్లీ 48 మి.మీ. అంటే ఖరీదైన కిట్టూ రంపంతో కోసిన రాడ్డూ మీట లెక్కలో ఒకటే. తేడా కోణంలో వస్తుంది. కోసిన రాడ్ పాత కోణంలోనే, అంటే దాదాపు 13.5 డిగ్రీలు వాలుతుంది. పివట్ లేపిన రాడ్ 11.3 డిగ్రీలే వాలుతుంది. నాబ్ ఎత్తు మారదు, అలవాటైన చోటే చేతికి అందుతుంది.

పెట్టె మీద రాసిన శాతం చదివేటప్పుడు వెనక్కి తిప్పి లెక్క వెయ్యండి. దూరం 40 శాతం తగ్గితే బలం 67 శాతం పెరగాలి. 50 శాతం తగ్గితే బలం రెట్టింపు. కొందరు అమ్మకందారులు పొట్టి నాబ్ వేస్తే తగ్గే దూరాన్ని కూడా కలిపి శాతం చెబుతారు. అందుకే శాతాన్ని పక్కనబెట్టి, నాబ్ మధ్య నుంచి మూడో గేరుకూ నాలుగో గేరుకూ మధ్య దూరం టేపుతో కొలిచి, కిట్ వేశాక ఎన్ని మి.మీ. ఉంటుందని అడగండి.

ఇక సింక్రోనైజర్ సంగతి. గేరు పడేముందు సింక్రో రింగు గేరు మీది శంకువుకు రాసుకుని రెండింటి వేగాలనూ కలపాలి. ఇది బ్రేకు లాంటి రాపిడి పని. ఎంత బలంగా నొక్కితే అంత త్వరగా పూర్తవుతుంది. వేగాలు కలిసేదాకా రింగు, గేరును పట్టించే జారుడు కడియమైన స్లీవ్‌కు అడ్డు నిలుస్తుంది. షార్ట్ షిఫ్టర్‌తో చెయ్యి అదే బలం పెడితే రింగుకు అందే బలం తగ్గుతుంది, కాబట్టి ఆ పని ఆలస్యమవుతుంది. చెయ్యి మాత్రం ముందే అక్కడికి చేరుకుని ఉంటుంది. అందుకే కిట్ వేసిన మొదటి వారంలో "గేరు దగ్గర ఏదో అడ్డుకుంటోంది" అనిపిస్తుంది. అక్కడ రాడ్‌ను ఒత్తి పట్టుకుంటే రింగు తన పని ముగించి దారిస్తుంది. అలా కాక గుద్దితే, రింగు కాస్త అరిగిన గేర్‌బాక్స్‌లో పళ్లు పళ్లను కొరుకుతాయి. రింగులు కొత్తవైతే ఏళ్ల తరబడి ఓర్చుకుంటాయి. అరిగిన రింగుకు షార్ట్ షిఫ్టర్ ఆయుష్షు కోస్తుంది.

మీ కారులో ఏ దారి ఉంది

రాడ్ నేరుగా గేర్‌బాక్స్ పైకప్పులోకి దిగే కార్లు మొదటి రకం. ఇంజన్ కారు పొడవునా అమరి వెనక చక్రాలను తిప్పే కార్లలో ఇది ఎక్కువ. మాజ్డా ఎంఎక్స్-5 మొదటి రెండు తరాలు మంచి ఉదాహరణ. దారిలో కేబుళ్లు ఉండవు, కడ్డీలు ఉండవు, కాబట్టి రాడ్ మారిస్తే ఫలితం సూటిగా చేతికి తెలుస్తుంది. అయితే ఎంఎక్స్-5లో కంపెనీ రాడ్ కదలికే చాలా తక్కువ. అక్కడ చాలామందికి కావాల్సింది షార్ట్ షిఫ్టర్ కన్నా కొత్త నైలాన్ బుష్, చిరగని రబ్బరు బూటు, రాడ్ కూర్చునే చిన్న గిన్నెలో తాజా ఆయిల్. ఆ గిన్నె ఆయిల్ గేర్‌బాక్స్ ఆయిల్ నుంచి వేరు, 100 మి.లీ. లోపే పడుతుంది. గేర్‌బాక్స్ ఆయిల్ మార్చినప్పుడు దీన్ని మర్చిపోవడం మామూలు.

రెండో రకం కడ్డీ లింకేజీ. పాత హోండా సివిక్‌లలో కింద రెండు కడ్డీలుంటాయి: ఒకటి గేరు మార్చేది, రెండోది రాడ్ పీఠాన్ని గేర్‌బాక్స్‌తో కట్టి ఉంచే స్టెబిలైజర్. ప్రతి కీలులో ఒక బుష్. నాలుగైదు బుష్‌లలో ఒక్కో మి.మీ. ఆట ఉన్నా మీట నిష్పత్తితో గుణించి నాబ్ దగ్గర కనిపిస్తుంది. బీఎండబ్ల్యూల్లోనూ ఇదే పద్ధతి, గేర్‌బాక్స్ వెనక ఒక కడ్డీ. 3 సిరీస్ పాత తరాలైన ఈ30, ఈ36 కార్లలో జడ్3 1.9 మోడల్ రాడ్ వేయడం పాత కిటుకు. కంపెనీ తయారుచేసిన భాగమే కాబట్టి బుష్‌లూ క్లిప్పులూ సరిగ్గా కూర్చుంటాయి. బయటి కిట్లలో కింది భాగం మరీ పొడవైతే కడ్డీ ప్రొపెల్లర్ షాఫ్ట్ రబ్బరు కప్లింగ్‌కు రాసుకుంటుంది. ఒంపు తిరిగిన కడ్డీ వేసి దీన్ని తప్పిస్తారు.

మూడోది కేబుల్. ఇంజన్ ముందు చక్రాలను తిప్పే ఇప్పటి కార్లలో ఎక్కువగా ఇదే. ఒక కేబుల్ ముందుకూ వెనక్కూ, రెండోది అడ్డంగా వరుస ఎంచుకోవడానికి. ఇంజన్ ఊగినా రాడ్ ఊగకపోవడం దీని సుఖం. కేబుల్‌కూ కవరుకూ మధ్య రాపిడి, చివర్లలో రబ్బరు బుష్‌ల మెత్తదనం దీని కష్టం.

కేబుల్ కారులో కదలికను రెండు చోట్ల తగ్గించవచ్చు, ఈ రెండూ ఒకటి కావు. రాడ్ దగ్గర కేబుల్ తగిలించే చోటును పివట్‌కు దూరం జరిపితే, అదే చేతి కదలికకు కేబుల్ ఎక్కువ లాగబడుతుంది. చెయ్యి ఎక్కువ బలం పెట్టాలి, కేబుల్ మీద భారం మాత్రం పాతదే. గేర్‌బాక్స్ దగ్గర కేబుల్ తగిలే చిన్న మీటను (దీన్నీ చెయ్యి అంటారు) పొట్టి చేస్తే, ఉదాహరణకు 60 మి.మీ. చేతిని 50 చేస్తే, కదలిక 17 శాతం తగ్గుతుంది, కానీ కేబుల్ మీద భారం కూడా 20 శాతం పెరుగుతుంది. పాతబడిన ప్లాస్టిక్ సాకెట్ పగిలి ఊడేది ఇలాంటప్పుడే. కేబుల్ చివరలు మార్చే ఉద్దేశం లేకపోతే రాడ్ వైపు కిట్టే ఎంచుకోండి. గేర్‌బాక్స్ వైపు చెయ్యి అమర్చడం తేలిక, బోనెట్ ఎత్తి అరగంటలో అయిపోతుంది. దాని ఆకర్షణంతా అంతే.

అక్కడే ఇంకో ఉచ్చు ఉంది. చాలా కార్లలో గేర్‌బాక్స్ చేతికి ఒక ఇనుప బరువు అతికించి ఉంటుంది. అది దండగ ఇనుములా కనిపిస్తుంది, తేలికపాటి కిట్లు దాన్ని తీసేస్తాయి కూడా. కదలికలో ఉన్న ఆ బరువే, గేరును దాని చోట పట్టి ఉంచే డిటెంట్ స్ప్రింగుల గట్టును దాటించి గేరును లోపలికి తోస్తుంది. తీసేస్తే ప్రతి గేరూ మెట్టు మెట్టుగా, గరుకుగా పడుతుంది. బరువు ఉన్న కిట్, లేదా పాత బరువును తిరిగి బిగించుకునే కిట్ కొనండి.

ఏది ముందు కొనాలి

మా వరుస ఇది: ఆయిల్, బుష్‌లు, నాబ్, ఆ తర్వాతే రాడ్.

ఆయిల్ విషయంలో కారు పుస్తకం చెప్పిందే వేదం. సింక్రో గేర్‌బాక్స్ చాలావాటికి జీఎల్-4 తరగతి 75డబ్ల్యూ-90 లేదా కంపెనీ ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్) చెబుతారు. జీఎల్-5 పెద్దది కాబట్టి మేలని పోస్తే, అందులోని రసాయనాలు ఇత్తడి రింగులకు పడకపోవచ్చు. జారుడు ఎక్కువై రింగు పట్టు కూడా తప్పొచ్చు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు మాత్రమే రెండో గేరు మొరాయిస్తే ఆయిల్ మార్చి చూడకుండా ఇంకేదీ కొనకండి.

బుష్‌లలో రబ్బరు, పాలీయురేథేన్, లోహం అని మూడు మెట్లు. పాలీయురేథేన్ రోజువారీ కారుకు సరైన మధ్య దారి. చేతికి కచ్చితత్వం తెలుస్తుంది, శబ్దం కాస్తే పెరుగుతుంది. అల్యూమినియం, ఇత్తడి బుష్‌లతో గేర్‌బాక్స్ మూలుగు నాబ్ దాకా వస్తుంది. హైవే మీద రెండు గంటలు నడిపాక అది చెవిలో ఈగలా ఉంటుంది. కడ్డీ లింకేజీ ఉన్న ముందు చక్రాల కారులో లోహపు బుష్‌లు వేసి ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంట్లను మెత్తగా వదిలేస్తే ఇంకో చిక్కు: యాక్సిలరేటర్ తొక్కి వదిలినప్పుడల్లా ఇంజన్ ఊపు అంతా రాడ్‌కు వస్తుంది. ముందు మౌంట్ల సంగతి చూడండి.

నాబ్‌ను తక్కువ అంచనా వెయ్యకండి. కంపెనీ ప్లాస్టిక్ నాబ్ స్థానంలో 300–500 గ్రాముల ఉక్కు నాబ్ వేస్తే, ఇందాకటి ఇనుప బరువు చేసే పనే పైనుంచి జరుగుతుంది. గరుకు తగ్గుతుంది. పాత నాబ్ కన్నా 20 మి.మీ. పొట్టిదైతే కదలికా కొద్దిగా తగ్గుతుంది. మర (మి.మీ.లో వ్యాసం × చుట్ల మధ్య దూరం) చూసి కొనండి: హోండాకు ఎం10×1.5, మాజ్డా, నిస్సాన్‌లకు సాధారణంగా ఎం10×1.25, టయోటాకు ఎం12×1.25. ఎం10×1.25 రాడ్ మీద ఎం10×1.5 నాబ్ రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, అది కుదిరిందని పానా వేస్తే మర పోతుంది. రివర్స్ కోసం రింగు పైకెత్తే కార్లలో మామూలు నాబ్ కూర్చోదు, ఆ రాడ్‌ను కోయడం కూడా కుదరదు. ఎండలో నిలిపిన కారులో ఉక్కు నాబ్ అరచేతిని కాలుస్తుందని వేరే చెప్పనక్కర్లేదు. గేరు తనంతట తాను ఊడిపోయే జబ్బున్న గేర్‌బాక్స్‌కు బరువు నాబ్ వద్దు.

ఇవన్నీ అయ్యాక కూడా చెయ్యి దూరం వెళ్తోందంటే అప్పుడు రాడ్. ట్రాఫిక్‌లో రోజూ నడిపే కారుకు 15–20 శాతం దాటొద్దు. రోజుకు వందలసార్లు ఒకటీ రెండూ మార్చే చేతికి 25 శాతం అదనపు బలం తెలుస్తుంది, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లకు ఇంకా తెలుస్తుంది. వారాంతాల్లో ట్రాక్ మీదికి వెళ్లే కారు, రింగులు బాగున్న గేర్‌బాక్స్ అయితే 30 శాతం వరకు అర్థముంది. ఆ పైన చెప్పే కిట్లు డ్రాగ్ రేసు కార్లకు వదిలేయండి. ఎత్తు, నిష్పత్తి రెండూ మార్చుకునే కిట్లకు ఎక్కువ డబ్బు పెట్టడం దండగ కాదు, కానీ ప్రతి అదనపు బోల్టు ఒక రోజు లూజయ్యే బోల్టేనని గుర్తుంచుకోండి.

వరుసల మధ్య దూరం గురించి ఎవరూ అడగరు, అడగాల్సింది. బాల్ పివట్ లేపిన రాడ్‌లో ముందు-వెనక కదలికతో పాటు అడ్డం కదలికా తగ్గుతుంది. 1-2, 3-4, 5-6 వరుసలు దగ్గరవుతాయి. ఐదులోంచి నాలుగుకు లాగబోయి రెండులో వేస్తే, క్లచ్ వదలగానే చక్రాలు ఇంజన్‌ను రెడ్‌లైన్ దాటించి తిప్పుతాయి. రెవ్ లిమిటర్ పెట్రోలు ఆపగలదు కానీ చక్రాలను ఆపలేదు, వాల్వులు వంగుతాయి. కేబుల్ కిట్లు చాలావరకు ముందు-వెనక కదలికనే తగ్గిస్తాయి, అడ్డం పాతదే ఉంటుంది. మొదట అది వింతగా, వెడల్పుగా అనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు కూడా నడిపే ఇంట్లో మాత్రం అదే మేలు.

బిగించేటప్పుడు తప్పు జరిగే చోట్లు

నేరుగా దిగే రాడ్ అయితే కారు లోపలినుంచే పని. న్యూట్రల్‌లో పెట్టి, నాబ్, కన్సోల్, బూట్లు తీసి, రాడ్‌ను పట్టుకున్న ప్లేటు బోల్టులు విప్పండి. రాడ్ బయటికొచ్చాక ఆ రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో మూసేయండి. ఒక్క వాషర్ లోపల పడితే గేర్‌బాక్స్ దింపాల్సి రావచ్చు. విప్పేముందే చుట్టూ దుమ్ము తుడవండి. బాల్‌కు, నైలాన్ కప్పుకు పల్చగా గ్రీజు. రబ్బరు తగిలే చోట సిలికాన్ గ్రీజే వాడండి, మామూలు గ్రీజుకు కొన్ని రబ్బర్లు ఉబ్బుతాయి. చిరిగిన కింది బూటును తిరిగి వేయకండి, వేడీ ఆయిల్ వాసనా కారులోకి వస్తాయి.

కడ్డీ రకంలో కారు స్టాండ్ల మీద ఉండాలి, జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరొద్దు. సైలెన్సర్ చల్లారాలి. పాత హోండాల్లో కడ్డీని గేర్‌బాక్స్‌కు పట్టిన రోల్ పిన్‌ను 8 మి.మీ. పంచ్‌తో కొట్టి తీస్తారు. సన్నటి పంచ్ వాడితే పిన్ విచ్చుకుని ఇంకా బిగుస్తుంది. రాత్రే నూనె చల్లి ఉంచండి.

కేబుల్ రకంలో కొత్త భాగం పడ్డాక న్యూట్రల్ సర్దుబాటు తప్పనిసరి. గేర్‌బాక్స్ చెయ్యి న్యూట్రల్‌లో, రాడ్‌ను దాని పీఠంలోని రంధ్రంలో పిన్ పెట్టి లాక్ చేసి, అప్పుడు కేబుల్ లాక్ బిగించాలి. రెండు మి.మీ. తేడా ఉన్నా ఒక వైపు గేర్లు బాగా పడి, రెండో వైపు సగమే పడతాయి.

పాత ఫోర్డ్ మస్టాంగ్ లాంటి కార్లలోని టీ-5 గేర్‌బాక్స్‌కు దొరికే బయటి షిఫ్టర్లలో స్టాప్ బోల్టులుంటాయి. చెయ్యి గట్టిగా లాగినప్పుడు ఆ బలం లోపల గేరును జరిపే ఫోర్కును వంచకుండా అవి ఆపుతాయి. మూడో గేరులో పూర్తిగా పెట్టి ముందు బోల్టు రాడ్‌కు తాకేదాకా తిప్పి, అర చుట్టు వెనక్కి తీసి లాక్ నట్ బిగించండి. నాలుగులో వెనక బోల్టుకూ అలాగే. మరీ దగ్గరగా పెడితే గేరు పూర్తిగా పడకముందే రాడ్ ఆగిపోతుంది.

ఈ సగం పడటమే షార్ట్ షిఫ్టర్ పనుల్లో అన్నిటికన్నా ఖరీదైన తప్పు. స్టాప్ బోల్టు వల్లే కానక్కర్లేదు, కన్సోల్ అంచు, మందపాటి బూటు, కప్ హోల్డర్ ఏది అడ్డొచ్చినా ఇదే జరుగుతుంది. స్లీవ్ పళ్లు కొనలతోనే పట్టుకుని నడుస్తాయి, అవి గుండ్రంగా అరిగి, కొన్నాళ్లకు లోడ్ వదిలినప్పుడు గేరు ఊడిపోతుంది. కన్సోల్ బిగించకముందు ఒకసారి, బిగించాక ఒకసారి, ఇంజన్ ఆపి అన్ని గేర్లూ రివర్సూ వేసి చూడండి. ప్రతి గేరులో రాడ్‌కూ ప్లాస్టిక్‌కూ మధ్య వేలు దూరేంత చోటుండాలి. రివర్స్ లాక్ పనిచేస్తోందా అని విడిగా చూడండి: ఐదు గేర్ల కారులో ఐదులోంచి నేరుగా రివర్స్‌లోకి పోనివ్వకుండా అడ్డుకోవాలి.

మొదటి 500 కి.మీ. తర్వాత పివట్ ప్లేటు బోల్టులు, కేబుల్ లాక్, నాబ్ కింది నట్ మళ్లీ బిగింపు చూడండి. కొత్త బుష్‌లు కుదురుకునేసరికి వీటిలో ఒకటి కాస్త వదులవడం మామూలే. పాత రాడ్‌నూ దాని క్లిప్పులనూ ఒక సంచిలో వేసి దాచండి, కారు అమ్మే రోజున కొనేవాళ్లు వాటినే అడుగుతారు.